దర్జీ గది అద్దెకు

ఇంటిని ముక్కలు చేసి అద్దెకిచ్చింది చాలక, చక్రం ఇప్పుడు కుట్టుమిషను మీద పడ్డాడు. చక్రం అంటే దర్జీకి సొంత బావమరిది. ఎక్కడైనా చక్రం తిప్పేస్తాడని ఆ పేరు.

“నా గదికి అడ్వాన్సు పుచ్చుకున్నావా? ఎవర్నడిగిరా?” దర్జీ కత్తెరను బల్ల మీద విసిరికొట్టాడు.

“అక్కనడిగే పుచ్చుకున్నాను బావా. ఎక్కడెక్కడి దేశాల నుంచో పిల్లలు వచ్చి యూనివర్సిటీ మీద పడుతున్నారు. సీటు దొరికినవాడికి మంచం దొరకడం లేదు. ఒక్క మనిషికి సరిపడే గదంటే ప్రాణం పెడుతున్నారు.”

“హాలు నాలుగు ముక్కలు చేశావు. వంటిల్లు సగం తినేశావు. ప్లైవుడ్డు అవతల ఎవడు దగ్గినా నా కుట్టు వంకరపోతోంది. నాకు మిగిలింది ఈ ఆరు బై ఎనిమిది. దీని మీద కూడా కన్నేశావా?”

“మరి ఇల్లు దేంతో నడుస్తోంది బావా? నీ కుట్టుకూలితోనా?”

దర్జీ మొహం మాడిపోయింది. ఆ కోపం ఇంకో వైపు తిరిగింది.

“మెట్ల మీద కూర్చుని ఆ పుస్తకాలు తిరగేసేదాన్ని చూడు! ఈ కప్పు కింద ఊళ్లోవాళ్ల పిల్లలంతా పాసవుతున్నారు. నా కూతురు మాత్రం రెండుసార్లు ఎంట్రన్సు తప్పింది. దానికేం తక్కువైందిరా ఇక్కడ?”

చక్రం మిషను మీద గుడ్డ కప్పి పక్కకు జరపబోయాడు.

“చెయ్యి వేశావో, చుట్టరికం చూడను!”

“వచ్చేది నెమ్మదైన పిల్ల బావా. నోట్లో నాలుక లేదు.”

“ఉంటే నాకేం, లేకపోతే నాకేం? గడప దాటి ఎలా వస్తుందో చూస్తాను.”

దర్జీ స్టూలు లాక్కెళ్లి వీధి గుమ్మానికి అడ్డంగా వేసుక్కూర్చున్నాడు. వీధిలో ఆటో ఆగినప్పుడల్లా పళ్లు కొరికాడు. ఏ ఆటోలోంచీ ఎవరూ దిగలేదు.

వెనకాల పెట్టె ఈడ్చిన చప్పుడైంది. అది వీధిలో కాదు, ఇంట్లో.

దర్జీ తిరిగి చూశాడు. కూతురు పెట్టెను అతని గదిలోకి లాగి, పుస్తకాల సంచీని కత్తెర పక్కన దించింది.

“అడ్వాన్సు నాదే నాన్నా. ఎదురు షాపుకు కాజాలు కుట్టి కూడబెట్టాను. అద్దె ఏ నెలా ఆపను. పరీక్షయ్యేదాకా ఈ ఆరు బై ఎనిమిది నాది.”