గుమ్మంలో రాళ్లాట

సాయ్రకాన్ ముసలమ్మ గుమ్మానికి అడ్డంగా కాళ్లు బారజాపుకుని కూర్చుంది. పెద్దవాళ్లను దాటి వెళ్లిన ఆడపిల్ల జన్మలో సుఖపడదని ఆ కొండల్లో ఏ చిన్నపిల్లను అడిగినా చెబుతుంది. అందుకే పెళ్లికని ఎత్తుకొచ్చిన పిల్లకు కాపలా ఎప్పుడూ ముసలివాళ్లదే.

తెర చాటున బెగాయిమ్ వెక్కివెక్కి ఏడుస్తోంది. పొద్దున సంతలో ముసలమ్మ మనవడూ, వాడి స్నేహితులూ ఆమెను కారులోకి లాగేశారు. వాడి తల్లి కలీమా తెల్ల రుమాలు పట్టుకుని వెంటపడుతోంది. అది తలకు కట్టేస్తే పెళ్లయిపోయినట్టే. కట్టబోయిన ప్రతిసారీ బెగాయిమ్ లాగి విసిరేస్తోంది.

"ఏడుపు ఆపవే!" కసిరింది ముసలమ్మ. "నన్నూ ఇలాగే గుర్రం మీద పడేసి తెచ్చారు. చచ్చానా? మగాళ్లు మీవాళ్లకు కబురు చెప్పడానికి పోయారు, చీకటి పడితే గాని రారు. అందాకా ఈ గోల నా వల్ల కాదు."

"నేను మా ఇంటికి పోతా."

"ఎలా పోతావేం? నీ బూట్లు నా వీపు వెనకున్నాయి. వంతెన దగ్గరికి బస్సొచ్చే వేళయింది, అది నీకోసం ఆగుతుందనుకున్నావా?"

చుట్టూ చేరిన ఇంటి ఆడవాళ్లు పకపకా నవ్వారు.

ముసలమ్మ జేబులోంచి ఐదు నున్నటి రాళ్లు తీసింది. అవి పుట్టింటి ఏట్లో ఏరుకున్నవి.

"రా, ఆడదాం. ఓడితే నోరు మూసుకుని రుమాలు కట్టించుకోవాలి."

"గెలిస్తే?"

"ముందు గెలువు."

బెగాయిమ్ కళ్లు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. ఒక రాయి ఎగరేసి, కిందవి ఒక్కొక్కటీ ఏరింది. తర్వాత జతలు జతలుగా ఏరింది. మూడింటిని ఒకేసారి ఏరబోయింది. రాయి జారిపోయింది.

ముసలమ్మ రాళ్లు అందుకుంది. చూస్తుండగానే ఆట ముగించేసింది. పాపం, ఆ పిల్ల ముఖంలో నెత్తురు చుక్క లేదు.

కలీమా రుమాలు విప్పింది.

"ఆగవే కోడలా, ఆఖరుసారి ఒక్క రాయి ఎగరేస్తా!" ముసలమ్మ చెయ్యి గిర్రున తిప్పింది. "అయ్యో, నా రాయి!"

పడిన చప్పుడు లేదు. నేలంతా ఉన్ని తివాచీలే.

"మా అమ్మతో కలిసి ఏరిన రాయే అది! దొరికేదాకా పెళ్లీ లేదు, గిళ్లీ లేదు. వెతకండి!"

ఆ ఇంట్లో ఆవిడ మాటకు ఎదురు లేదు. కలీమాతో సహా అందరూ పరుపుల కింద, పొయ్యి వెనక తలలు దూర్చారు. ముసలమ్మ కూడా మూలుగుతూ గుమ్మంలోంచి లేచి, బూట్లను అక్కడే వదిలి, అవతలి మూలనున్న పెట్టె కింద తడమసాగింది.

"దొరికేదాకా ఎవరూ తల ఎత్తొద్దు!" అని అరుస్తున్న ఆమె ఎడమ గుప్పిట్లో ఐదు రాళ్లూ ఉన్నాయి.