ఎనిమిది కిలోలు

కాటా ముల్లు మూడున్నర దగ్గర ఆగిపోయింది.

"ఇంకా నాలుగున్నర కిలోలు కావాలి టీచరుగారూ," అన్నాడు గుమాస్తా, ముక్కు మీది మఫ్లరు తీయకుండానే.

ఆ మఫ్లరు చలికి కాదు. కొండ మీద మనుషులు వదిలేసేవన్నీ చివరికి ఆ రేకుల షెడ్డుకే చేరతాయి. ఖాళీ ఆక్సిజన్ సిలిండర్లు, చిరిగిన టెంటు గుడ్డలు, డబ్బాలు, తాడు ముక్కలు, ఇంకా పేరెత్తకూడనివి కూడా.

అడిగితే ఆ చెత్త మాది కాదనే అంటారు అంతా. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయం. ఆ కొండ మంచు కరిగి వచ్చే నీళ్ళే కింద ఊళ్ళవాళ్ళు తాగుతారు.

అందుకే కొండ అడుగున ఆ ఆఫీసు పెట్టి, ఒక రూలు పెట్టారు. శిఖరం ఎక్కినవాళ్ళు తలా ఎనిమిది కిలోల చెత్త పై క్యాంపుల నుంచి మోసుకుని దిగాలి. అప్పుడే ఎక్కినట్టు సర్టిఫికెట్టు, జాబితాలో పేరు. కింద ఏరింది చెల్లదు.

"శిఖరం ఎక్కానండీ. గైడు సంతకం కూడా ఉంది," అంది డ్రిల్లు టీచరు.

"ఎవరు కాదన్నారు? మీరూ ఎక్కారు, మీ చెత్తా ఎక్కింది. మీరు దిగారు, అదింకా దిగలేదు."

వెనక లైనులో ఎవరో నవ్వారు. ఆమెకు నవ్వు రాలేదు.

మిగతా చెత్త ఉన్న సంచిని రెండో క్యాంపులో వదిలేసింది. సరదాకి కాదు. మంచుగాలి మొదలైంది. ఆక్సిజన్ అడుగంటింది. కుడిచేతి వేళ్ళు రెండు నల్లబడ్డాయి. "బరువు సంగతి తరవాత, ముందు ప్రాణాలతో దిగుదాం" అన్నాడు గైడు.

"ఆ కాగితం చూపిస్తేనే మా ఆడపిల్లలకి కొండలెక్కే క్లాసు పెడతానన్నారండీ హెడ్మాస్టరుగారు. ముప్ఫై మంది పేర్లిచ్చి కూర్చున్నారు."

"నన్నేం చెయ్యమంటారు?"

"రేపు పైకెళ్ళి సంచి తెచ్చుకుంటాను."

"ఇవాళ్టితో సీజను ఆఖరు. పైన గాలి చూశారుగా. ఏ గైడూ రాడు."

"అయితే ఇప్పుడే పోతాను. ఒక్కదాన్నే."

ఉత్తుత్తి బెదిరింపు కాదది. "నేను ముందే చెప్పాను" అని హెడ్మాస్టరు చేత అనిపించుకోవడం కంటే మళ్ళీ కొండెక్కడమే తేలిక అనిపించిందామెకు. విసురుగా బల్ల మీద కూర్చుని బూట్ల తాళ్ళు బిగించబోయింది. నల్లబడ్డ వేళ్ళకు ఒక ముడి పడింది, రెండోది పడలేదు.

లైనులోంచి ఒక ముసలాయన వచ్చి ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. ముడి వేస్తాడనుకుంది. ఆయన ఆ వేసిన ముడి కూడా విప్పేశాడు.

"కాసేపు కూర్చో తల్లీ. కాళ్ళకి గాలి తగలనీ."

మాసిన గడ్డం, అతుకుల కోటు, ఎండకీ మంచుకీ పగిలిన మొహం. భుజాన బరువైన సంచి. కొండ మీద చెత్త ఎత్తే మనిషి అనుకుంది ఆమె.

ఆయన లేచి ఆ సంచిని కాటాకి తగిలించాడు. ముల్లు ఎనిమిది దాటింది.

"ఇది టీచరుగారిది. రాసుకో."

గుమాస్తా ఏదో అనబోయి ఆగాడు. "మీ ఇష్టం," అని రాసుకున్నాడు.

టీచరుకు ప్రాణం లేచొచ్చింది. అయినా ఎక్కడో గుచ్చుకుంది.

"నా చెత్త పైనే ఉండిపోయింది కదా తాతా?"

"ఉంది. వచ్చే ఏడు నీ పిల్లల్ని తీసుకొచ్చి దించు. కొండ ఎక్కడికీ పోదు."

"మీకేంలెండి, మళ్ళీ ఏరుకోవడం ఎంతసేపు!" అంది, మెచ్చుకుంటున్నాననే అనుకుని.

"అంతేగా," అని నవ్వాడాయన. ముందు పళ్ళు రెండు లేవు.

సర్టిఫికెట్టు చేతికొచ్చింది. తోటివాళ్ళు చుట్టూ చేరి ఫోనులు తీశారు.

"తాతా, కాస్త పక్కకి జరుగుతారా? ఫోటోలో పడుతున్నారు."

ఆయన జరిగాడు. ఆమె చేతికర్ర అడ్డమొస్తుంటే అది కూడా తనే పట్టుకున్నాడు.

ఫోటోల హడావుడి తగ్గాక చూస్తే కాగితం మీద సీలు లేదు. మళ్ళీ షెడ్డులోకి వెళ్ళింది.

గుమాస్తా నాలిక కరుచుకుని సీలు కొట్టాడు.

"ఆ తాత మీ ఆఫీసు మనిషేనా అండీ? పైవాళ్ళకి ఆయన గురించి రెండు మంచి ముక్కలు రాసిచ్చి వెళ్తాను."

"మా మనిషి కాదు టీచరుగారూ. మీలాగే ఎక్కడానికొచ్చారు. మొన్న మీకంటే రెండు గంటలు ముందే శిఖరం మీదున్నారు. ఆక్సిజన్ పెట్టుకోకుండా."

ఆమె చేతిలోని కాగితం కేసి చూసుకుంది.

"మరి ఆయన సర్టిఫికెట్టు?"

"సంచి మీకిచ్చేశారుగా."

"ఎందుకిచ్చారు? నేనెవరో కూడా తెలీదే."

గుమాస్తా మఫ్లరు కిందికి లాగాడు.

"ఆరేళ్ళ కిందట ఒకబ్బాయి ఇలాగే సంచి కోసం వెనక్కి ఎక్కాడు. సంచీ దిగలేదు, అబ్బాయీ దిగలేదు."

"ఆయన కొడుకా?"

"కాదు. లైనులో ఆయన ముందు నిలబడ్డ కుర్రాడు. అంతే పరిచయం. ఆ ఏడు ఈయనా కాగితం తీసుకోకుండానే వెళ్ళిపోయారు."

టీచరు తాళ్ళు ఊడిన బూట్లతోనే బయటికి పరిగెత్తింది. ఆమె చేతికర్ర గోడకు ఆనించి ఉంది. కిందికి వెళ్ళే జీపు అప్పటికే మలుపు తిరుగుతోంది. కేకేసింది. గాలికి ఆ కేక ఆమెకే వినబడలేదు.

సిగ్గుతో తల వంచుకుని తిరిగొచ్చింది.

"శిఖరం ఎక్కినవాళ్ళ జాబితా ఒకసారి ఇవ్వండి. ఆయన పేరూ ఊరూ రాసుకుంటాను."

"అందులో దొరకరమ్మా," అన్నాడు గుమాస్తా, "అప్పట్నుంచి ఆరుసార్లు ఎక్కారు, ఆరుసార్లూ సంచి ఎవరో ఒకరికి ఇచ్చేసే వెళ్ళారు."