చెట్టెక్కిన పున్నారావు

బసవపున్నారావు మామిడిచెట్టెక్కి గంట దాటింది. కింద ఏడు కుక్కలు. పైన ఎర్రచీమల గూడు. మధ్యలో ఆయన, నూట పది కిలోల మనిషి, చేతిమందం కొమ్మ మీద. ఆ కొమ్మ ఎందుకు విరగలేదా అని చాట్రాయి జనం ఇప్పటికీ వెళ్ళి చూసొస్తుంటారు.

అది ఈ ఏడే కౌలుకు తీసుకున్న తోట. పిందె ఎలా నిలిచిందో చూద్దామని ఆగిరిపల్లి నుంచి బండి మీద వచ్చాడు. గేటు దాటి నాలుగు చెట్లు నడిచాడో లేదో, ఎక్కణ్ణుంచి వచ్చాయో ఏమో, ఏడూ ఒక్కసారే మీదికి ఉరికాయి. చెట్టెలా ఎక్కాడో ఆయనకే తెలీదు. ఒక చెప్పు ఈ పాదులో, రెండోది ఆ పాదులో పడి ఉన్నాయి.

అరిచాడు. తిట్టాడు. ఎండుపుల్లలు విరిచి విసిరాడు. కుక్కలు మొరుగుతూనే ఉన్నాయి, కాండం మీద కాళ్ళేసి ఎగురుతూనే ఉన్నాయి.

ఇంటికి ఫోన్ చేసి ఎవరినైనా పంపమన్నాడు. భార్య నాగేశ్వరమ్మ ఆ మాట పక్కనపెట్టి జూలీ సంగతి ఎత్తుకుంది. జూలీ వాళ్ళ లాబ్రడార్ కుక్క. తెల్లారుతూనే పిల్లల్ని ఈనింది. ఇంకా లేవలేదు, పాలు పెడితే మూతి తిప్పుకుంది. డాక్టరు వచ్చి చూశాడట. ఇంకో ఈత అయితే దక్కదన్నాడట. కాస్త కోలుకోగానే నూజివీడు తీసుకొస్తే, ఇక పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేస్తానన్నాడట.

ఆవిడ రెండేళ్ళుగా అడుగుతున్నదీ అదే. పున్నారావు జవాబూ ఎప్పుడూ ఒకటే. కాసే చెట్టుకి ఎవడైనా గొడ్డలి పెడతాడా? జూలీ మగపిల్లల కోసం బెజవాడ నుంచి కార్లేసుకుని వస్తుంటే!

"మామిడిచెట్టు కూడా ఒక ఏడు కాస్తే ఒక ఏడు ఆగుద్దండీ. దానికి ఆ పాటి తెరిపి కూడా ఇవ్వట్లేదు మీరు" అంది నాగేశ్వరమ్మ.

"ముందు నన్ను దింపించవే."

"ఆపరేషన్‌కి సరే అనండి. ఇప్పుడే మనిషిని పంపిస్తా."

"ఛస్తే అనను."

"అయితే ఆ కొమ్మకే కాయండి" అని పెట్టేసింది.

కేకలు విని, పక్కతోటలో మేకలు మేపుకునే సుసన్నా వచ్చింది. కుక్కల మధ్యలోంచే నడిచొచ్చి చెట్టు కింద నిలబడింది. ఒక్కటీ ఆమె జోలికి పోలేదు. వాటిని తరిమి పుణ్యం కట్టుకోమన్నాడు పున్నారావు.

"ఇవి ఎవర్నీ ఏమీ అనవండీ. కళ్ళు తెరిచీ తెరవకముందే ఎవరో ఇక్కడ వదిలేసి పోయారు. నా మేకపాలు తాగి బతికినయ్యి. మిమ్మల్ని చూసే ఎందుకో ఇట్టా చేస్తన్నయ్యి."

పున్నారావు గొంతు సవరించుకుని, ముందు తరమమన్నాడు. ఆమె కర్ర ఊపింది, పేరుపేరునా పిలిచింది. ఒక్కటీ కదల్లేదు.

ఈలోగా చీమలు మెడ దిగి వీపంతా పాకాయి. ఇక ఓర్చుకోలేక ఒక చేత్తో కొమ్మ పట్టుకుని, రెండో చేత్తో చొక్కా పీకి కిందికి విసిరేశాడు. పీలికలు పీలికలు చేస్తాయనుకున్నాడు.

మొరుగుడు ఆగిపోయింది. ఏడు కుక్కలూ ఆ చొక్కా చుట్టూ ముడుచుకుని పడుకున్నాయి. గుడ్డలో మూతులు దూర్చి, ముందుకాళ్ళతో మెల్లగా ఒత్తుతూ, సన్నగా మూలుగుతున్నాయి.

"ఏం పూశారండీ ఆ చొక్కాకి?" అంది సుసన్నా.

పొద్దున జూలీని ఒళ్ళో పెట్టుకుని పురుడు పోసిన చొక్కా అది, ఆ ఏడు కుక్కలూ మునుపటి ఈతలో పుడితే కొనేవాళ్ళు లేరని పున్నారావు తన చేత్తో గోనెసంచిలో తెచ్చి, అప్పటికి తనది కాని ఈ తోటలో వదిలేసి వెళ్ళిన జూలీ ఆడపిల్లలు.