జప్తు కాగితం

రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు రేకుల షెడ్డులో దస్తావేజులు టైపు చేసుకునే సుగుణ మీదికి గడువుల ఇన్‌స్పెక్టర్ వచ్చిపడ్డాడు. మూడేళ్లు దాటిన లాప్‌టాప్ ఎవరి దగ్గర కనిపించినా జప్తే.

“పన్నెండేండ్లదా? సిగ్గు లేదా నీకు?”

“మంచిగనే నడుస్తున్నది గద సారూ! దీనితోనే నా బువ్వ.”

“నడుసుడే నేరం.”

జప్తు కాగితం రాయడానికి అతను తన లాప్‌టాప్ తెరిచాడు. దానికి ఆ పూటతోనే మూడేళ్లు నిండాయి. తెర నల్లబడిపోయింది. ఎంత నొక్కినా వెలగలేదు.

“కాగితం నువ్వే కొట్టు. లేకుంటే నిన్ను గూడ తీస్కపోవాల్సొస్తది.”

సుగుణ పళ్లు కొరుకుతూ తన లాప్‌టాప్‌లోనే కొట్టింది. ‘వస్తువు పరిస్థితి’ అన్నచోట ఆగి, అతని మొహంలోకి చూసింది.

“ఏం రాయాలె సారూ? పనికిరాదనా?”

అతను తన లాప్‌టాప్ బటన్ మళ్లీ నొక్కి చూశాడు. ఆమె ‘పనిచేస్తోంది’ అని కొట్టి, డిజిటల్ సంతకం కోసం లాప్‌టాప్‌ను అతని ముందుకు తోసింది.