నాలుక కరుచుకున్నాడు

"ఈ బీరు పాడైపోయింది. కాచినవాణ్ని పిలవండి!"

సిద్ధార్థ గ్లాసును బల్ల మీద ఠక్కున పెట్టాడు. నురగ ఒలికి పక్కనున్న స్నేహితురాలు పూజిత ఫోను మీద పడింది. జూబ్లీ హిల్స్‌లో కొత్తగా తెరిచిన ఆ బ్రూవరీ డాబా మీద కూర్చున్నవాళ్లంతా ఒక్కసారిగా ఇటు తిరిగారు.

"ఇవాళ్టి స్పెషల్ సార్ ఇది. కొత్త బ్యాచ్. మధ్యాహ్నమే ట్యాంకు తెరిచారు," అన్నాడు వెయిటర్ బెదురుగా.

"కొత్తదైతే ఏంటయ్యా? పులిసిపోయిన మజ్జిగలా ఉంది. పిలువు ఆయన్ని."

అలా అనే హక్కు సిద్ధార్థకు ఉందనే అక్కడ అందరూ అనుకుంటారు. ఫిల్మ్ నగర్ డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరుగా చెవితో బతుకుతున్నా, అతనికి పేరు తెచ్చింది మాత్రం నాలుకే. ఊళ్లో బీరు ప్రియులందరూ చేరిన వాట్సాప్ గ్రూపుకు అతనే పెద్ద. ఏ ఐపీఏలో చేదు హద్దు దాటిందో, ఏ స్టౌట్‌లో కాఫీ వాసన పోయి మాడు వాసన మిగిలిందో అతను చెప్పిందే తీర్పు.

బీరు కాచే ఏసుకుమార్ రబ్బరు బూట్లతోనే పరుగున వచ్చాడు.

"నమస్తే అండీ. నేనే అండీ కాచింది."

"నువ్వేనా? అసలు రుచి చూశావా? దీన్ని జనానికి పోయడానికి సిగ్గనిపించలేదూ? ఇంత బాధ్యత లేనివాడివి ఈ పనిలోకి ఎందుకొచ్చావయ్యా?"

ఏసుకుమార్ ముఖంలో నెత్తుటి చుక్క లేదు. అతని చూపు మూల బల్ల వైపు వెళ్లి వచ్చింది. అక్కడొక ఆవిడ నిమ్మ సోడా ముందు పెట్టుకుని, తాగకుండా ఇటే చూస్తోంది. ఏసుకుమార్ గ్లాసు తీసుకున్నాడు. వాసన చూశాడు. ఒక గుక్క తాగి, కాసేపు నోట్లోనే ఉంచుకుని మింగాడు.

"ఇది సోర్ బీరండీ," అన్నాడు నెమ్మదిగా. "జర్మనీలో గోసె అంటారు. ధనియాలు, ఉప్పు వేసి పులియబెడతారు. ఇది పుల్లగానే ఉండాలండీ."

 అదే బల్ల దగ్గరున్న గ్రూపు మిత్రుడు ఓదెలు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఏంది సిద్ధన్నా! మాకు గిన్ని క్లాసులు పీకుతవ్, సోర్ బీరంటే తెల్వదా నీకు?"

పూజిత అప్పటికే రుచి చూస్తోంది. "అబ్బ, చివర్లో ఆ ఉప్పు తగులుతోంది చూడండి! ధనియాల వాసన కూడా. ఎంత బాగుందో!"

పక్క బల్లల వాళ్లూ అదే కావాలన్నారు. అందరూ గుటకలేస్తూ తలలూపుతున్నారు. సిద్ధార్థకు చెవులు కాలిపోయాయి. బెంగళూరులో ఒకసారి గోసె తాగాడు. ఇలా ఉన్నట్టు గుర్తులేదు. కానీ ఇంతమందికి అందిన రుచి తన నాలుకకే అందలేదంటే, తప్పు ఎవరిది? ఫోను వచ్చినట్టు నటించి లేచి, మెట్ల వైపు నడిచాడు.

మెట్ల దగ్గర మూల బల్ల ఆవిడ ఎదురైంది.

"మీరేం ఇబ్బంది పడకండి. మా ఆయన మనసులో పెట్టుకోరు. తెలియకే కదండీ అన్నారు."

"మీ ఆయనా?"

"అవునండీ, నా పేరు దీనా. మా ఇళ్లల్లో ఎవరూ మందు ముట్టరండీ. ఆయన చేసేది ఎలాంటి పనో చూద్దామని ఈరోజే మొదటిసారి వచ్చాను."

సిద్ధార్థ గబగబా మెట్లు దిగిపోయాడు. ఆమె తిట్టినా బాగుండేది. ఇంటికెళ్లాక అన్నం సహించలేదు. కట్టుకున్నదాని ముందు ఒక మనిషిని బాధ్యత లేనివాడన్నాడు, అదీ తన తెలివితక్కువతనం వల్ల. గ్రూపులో తానే రాశాడు: "తప్పు నాది. ఆ గోసె అందరూ తాగి తీరాలి."

మర్నాడు పొద్దున్నే పని మానుకుని మళ్లీ బ్రూవరీకి వెళ్లాడు. కుర్చీలు బోర్లించి నేల తుడుస్తున్నారు. కౌంటరు దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్నాడు ఏసుకుమార్. సిద్ధార్థ అతని ముందుకు వెళ్లి, పనివాళ్లందరూ చూస్తుండగా చేతులు జోడించాడు.

"నిన్న నలుగురిలో మాటన్నాను. నలుగురిలోనే క్షమించమంటున్నాను."

"అయ్యో, అంత మాట వద్దండీ. జర లోపలికి రండి, మీతో ఒక విషయం..."

కౌంటరు మీద నిన్నటి బీరే ఒక గ్లాసు మూతపెట్టి ఉంది. సిద్ధార్థ దాన్ని అందుకున్నాడు.

"అది వద్దండీ!"

ఆ మాట చెంపదెబ్బలా తగిలింది. తన కష్టాన్ని తాగే అర్హత కూడా నాకు లేదనుకుంటున్నాడు కాబోలు అనుకున్నాడు సిద్ధార్థ. మూత తీసి గటగటా తాగేశాడు. పులుపు గొంతులో పొడిచింది. నిన్న అన్న మాటే మళ్లీ నాలుక చివరికొచ్చింది. దాన్ని బీరుతో పాటే మింగేశాడు.

"అద్భుతంగా ఉంది. నిన్న నా నాలుకే చచ్చిపోయింది. మా గ్రూపంతా సాయంత్రం దీనికోసమే వస్తోంది."

ఏసుకుమార్ తల వాల్చేశాడు.

"ఇక లేదండీ. ఓనరుకు చూపిద్దామని ఆ ఒక్క గ్లాసే ఉంచాను. ట్యాంకంతా పొద్దున్నే పారబోశాను."

"పారబోశారా? ఎందుకు?"

ఏసుకుమార్ పనివాళ్లకు కూడా వినిపించేలా చెప్పేశాడు.

"మా ఆవిడ ముందు తలెత్తుకోలేక, పాడైన గోధుమ బీరుకు నేనే అప్పటికప్పుడు జర్మనీ పేరు పెట్టానండీ."