ఆకులు రాల్చే మందు

"మొటిమలమ్మా ఇవి. వయసు ప్రభావం" అన్నాడు సైనికుల మెడికల్ బోర్డు డాక్టరు, పెన్ను మూతతో మాజీ సైనికుడి చెవి మడిచి చూస్తూ.

"యాభై ఎనిమిదేళ్ళకి వయసు మొటిమలా డాక్టరుగారూ? అయితే మీసాలూ ఇప్పుడే మొలుస్తాయి కాబోలు!" అంది భార్య.

"నువ్వూరుకోవే" అన్నాడు మాజీ సైనికుడు.

ఊరుకోవడానికా ఇంత దూరం వచ్చింది? ఆయన చెంపల మీదా, చెవుల వెనకా కాయలు కాయలుగా లేచి, చితికి, రసి కారుతోంది. పొద్దున్నే దిండు గలేబు చెంపకి అతుక్కుపోతే తడిపి తడిపి ఊడదీసేది ఆవిడే. ఇది యుద్ధం వల్ల వచ్చిందని ఈ డాక్టరు ఒక్క ముక్క రాస్తే సైనికుల ఆస్పత్రిలో మంచం దొరుకుతుంది. లేదంటే మళ్ళీ వీధి చివర షాపులో పూత మందే గతి.

"శత్రువులు దాక్కోకుండా విమానాల్లోంచి అడవుల మీద చల్లేవారు, ఆకులు రాల్చే మందు సార్. డ్రమ్ములు విమానంలోకి ఎక్కించేవాణ్ణి. ఒంటి మీద ఒలికేది."

"ఒలికిందనడానికి సాక్షులు?"

"నాతో మోసినవాళ్ళు ముగ్గురు సార్. ముగ్గురూ పోయారు."

"పోయినవాళ్ళు సాక్ష్యానికి పనికిరారు కదండీ. ఏ సబ్బు పడలేదో ఏమో!" డాక్టరు 'తిరస్కరించడమైనది' అన్న స్టాంపు చేతిలోకి తీసుకున్నాడు.

ఆవిడ ఎండలు మండిపోతున్నా మణికట్టు దాకా చేతులున్న బట్టలే వేసుకుంటుంటే, "ఈ వయసులో ఫ్యాషనేమిటే" అని మొగుడు వెక్కిరించినప్పుడు కూడా బయటపెట్టని సంగతి ఒకటుంది. ఇక దాచి ఏం లాభం?

గుండీలు విప్పి, చేతులు మోచేతుల పైదాకా మడిచింది. అవే కాయలు. అదే రసి.

"క్వార్టర్సులో ఉన్నన్నాళ్ళూ ఆ యూనిఫాం నేనే ఉతికాను. మందు వాసన పోయేదాకా బాది బాది ఉతికాను. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలండీ?"

"ఏమే... ఎన్నాళ్ళ నుంచే?" మొగుడు ఆవిడ చెయ్యి పట్టుకోబోయాడు. ఆవిడ అటు చూడలేదు. చూస్తే ఇక్కడే ఏడ్చేస్తుంది.

డాక్టరు స్టాంపు పక్కన పెట్టాడు. కళ్ళజోడు తగిలించుకుని, లేచి వచ్చి, ఆవిడ చేతులూ ఆయన చెంపలూ మార్చి మార్చి చూశాడు.

"అచ్చం ఒకటే" అన్నాడు.

ఆవిడకి ప్రాణం లేచొచ్చింది.

"మీరెప్పుడైనా యుద్ధానికి వెళ్ళారా అమ్మా?"

"భలేవారే! ఇంట్లో ఈయనతో చేసిందే యుద్ధం."

డాక్టరు హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు.

"నేను చెప్పేదీ అదేనమ్మా. యుద్ధం మొహం చూడని మీకూ వచ్చిందంటే, ఇది యుద్ధం వల్ల వచ్చింది కాదన్నమాటేగా!" అని స్టాంపు గుద్దేశాడు.