ఇంటికొచ్చిన ఓటు పెట్టె

మోల్దోవాలో పార్లమెంటు ఎన్నికలు. మంచం పట్టినవాళ్ల కోసం ఓటు పెట్టె మోసుకుంటూ మా ఊళ్లో ఇల్లిల్లూ తిరుగుతున్నాను.

“తొయాదర్ బాబాయిని లేపు పిన్నీ.”

“రాత్రంతా దగ్గాడు. ఇప్పుడే ఊరుకున్నాడు, లేపకు,” అంది సవేత పిన్ని. “తువ్వాలంత పొడుగుందే కాయితం! ఇన్ని పార్టీలుండి ఒక్కడూ మా వీధికి రోడ్డెయ్యలేదు. ఇలా ఇయ్యి, నేనే వేయిస్తా.”

కాగితం, ముద్ర పట్టుకుని గదిలోకి వెళ్లింది. కాసేపటికి మడిచి తెచ్చి పెట్టెలో వేసింది.

“ఓటేసినట్టు రాస్తావుగా?”

“రాస్తాను.”

“అయితే ఇవాళ్టికి ఆయన ఉన్నట్టే.”

గుమ్మం పక్కన అద్దానికి దుప్పటి కప్పి ఉంది. ఇంట్లో శవం ఉంటేనే మేం అద్దం కప్పుతాం.

‘ఓటేశాడు’ అని రాసి, పక్కింటి తలుపు తట్టాను.